దాచుకునే కారా, నడుపుకునే కారా? కోకాపేట నుంచి మాదాపూర్ దాకా ఓ ఆదివారం

ఈ ప్రయాణం మా ఇంట్లో ఒక పందెంతో మొదలైంది. నేను ఎనిమిదేళ్ళుగా లింగంపల్లి నుంచి మాదాపూర్ ఆఫీసుకు ఒకే కారు నడుపుతున్నాను. చూడ్డానికి మామూలు ఫ్యామిలీ సెడాన్. లోపల మాత్రం గట్టి టర్బో ఇంజిన్, ఆరు గేర్లు, ఎడమ కాలికి చేతినిండా పని. ఆ మోడల్‌ను మన దేశంలో ఎప్పుడో ఆపేశారు. పోయిన నెల మా ఆయన రఘు ఏవో వీడియోలు చూసి, ఇలాంటి కార్లు రేపు కలెక్టబుల్స్ అవుతాయని, అంటే పాతబడే కొద్దీ జనం మోజుపడి వెతుక్కునేవి అవుతాయని తేల్చేశాడు. రఘుది అనంతపురం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే పక్కన ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. అతని దృష్టిలో కారైనా ప్లాటైనా ఒకటే. కొనాలి, చుట్టూ గోడ కట్టాలి, గేటుకు తాళం వేయాలి, రేటు పెరిగేదాకా అటు తొంగి చూడకూడదు.

"రేపట్నుంచి దీన్ని తీసేది లేదు. కవరేసి సెల్లార్లో పెడదాం. నువ్వు ఎమ్మెమ్టీఎస్ రైలెక్కి పో" అన్నాడు. నేను ఊరుకోలేదు. మూడు రోజులు వాదించుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆదివారం కార్లు తెలిసినవాళ్ళను అడుగుదాం. ఇది కలెక్టబుల్ అవుతుందని వాళ్ళంటే సోమవారం నుంచి కారు కవర్ కిందికి. కాదంటే తాళాలు నావే. ఒప్పుకోవడమైతే ఒప్పుకున్నాను గానీ ఆ క్షణం నుంచి నాకు కాలు నిలవలేదు. రోజంతా ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. పొద్దున, సాయంత్రం ఆ కాసేపు గేర్లు మార్చుకుంటూ పోవడమే నాకు ఊపిరి. దాన్ని తీసుకెళ్ళి కవర్ కింద పెట్టమంటే ఎట్లా?

ఐటీ కారిడార్‌లో కార్లు చూడాలనుకునేవాళ్ళు ఆదివారం ఆరింటికల్లా బయల్దేరండి. ఎనిమిది దాటితే బ్రంచ్‌లకు పోయేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, ప్లాట్ల సైట్లు చూపించే కార్లు అన్నీ రోడ్డు మీదే ఉంటాయి. మేం లింగంపల్లి నుంచి నల్లగండ్ల, గోపన్‌పల్లి మీదుగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చేరి, అక్కణ్ణుంచి కోకాపేట వైపు తిరిగాం. ఖాళీ రోడ్లు, ఎండ ఇంకా మొదలుకాని గాజు భవనాలు. మామూలుగా ఈ దారి నాకు పండగ. ఆ రోజు మాత్రం ప్రతి మలుపులోనూ ఇదే ఆఖరిసారా అన్న గుబులే. థర్డ్ గేర్‌లో పోవాల్సిన చోట సెకండ్‌లో లాగుతుంటే రఘు సీటు పట్టుకుని, "ఏం మే, ఇంజిన్ మీద కసి తీర్చుకుంటాండావా?" అన్నాడు.

కోకాపేటలో ఒక టిఫిన్ సెంటర్ ముందు ఖాళీ స్థలం ఉంది. ఆదివారాలు కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు అక్కడ చేరతారు. ఎవరైనా వెళ్ళొచ్చు, ఏ క్లబ్బులోనూ చేరక్కర్లేదు, టిఫిన్ తింటే చాలు. ఇద్దరికీ దోశలు, చాయ్‌లు కలిపి మూడు వందల లోపే అయింది. దోశ చేతిలో పెట్టుకుని నేను కార్ల చుట్టూ తిరుగుతుంటే పెనం దగ్గరున్న వంటాయన, "అక్కా, బండ్లు యాడికి పోవు. దోశ సల్లగైతది, ముందు తినున్రి" అని కేకేశాడు. బండ్లు ఎక్కడికీ పోవని అతనికేం, నా బండి పోయేట్టుంది.

అక్కడ మేం కలవాలనుకున్నది శ్రీకాంత్‌ను. వాళ్ళది మొదటి నుంచీ శేరిలింగంపల్లే. భూములున్న కుటుంబం, ఇంట్లో నాలుగు పాత స్పీడ్ కార్లున్నాయి. ఏ కార్లు రేపు విలువైనవి అవుతాయని రఘు అడగ్గానే మొదలుపెట్టాడు. బ్రాండ్ల పేర్లు నేను రాయను, రాస్తే కింద కామెంట్లలో యుద్ధం జరుగుతుంది. అతను చెప్పినదాని సారం ఇది. కోట్లు పెట్టి కొనే కార్లను అందరూ జాగ్రత్త చేస్తారు, కాబట్టి అవి ఎప్పటికీ దొరుకుతాయి. రేపు దొరకనివి మధ్యతరగతివాళ్ళు కష్టపడి కొన్న చిన్న స్పీడ్ కార్లు. చేత్తో గేర్ మార్చేవి, తక్కువ సంఖ్యలో వచ్చి ఆగిపోయినవి, టర్బో లేకుండా గొంతెత్తి పాడే పాత ఇంజిన్లున్నవి. వాటిలోనూ సైలెన్సర్ మార్చకుండా, రంగు మార్చకుండా మిగిలేవి ఎన్నని?

"మరి ఆ ఎలక్ట్రిక్ కార్లు? కళ్ళు మూసి తెరిచేలోపు వంద స్పీడ్‌లో ఉంటాయి కదా" అని అడిగాను, ఎట్లాగైనా మాట మళ్ళించాలని.

శ్రీకాంత్ నవ్వాడు. "అక్కా, మీరు సాఫ్ట్‌వేరోళ్లు, మీకే ఎరుక. కంపెనీ సపోర్ట్ బంద్ జేస్తె గా స్క్రీన్ల ఏముంటది? నల్లగ కూసుంటది. ఇంజిన్ బండి అయితె ముప్పై ఏండ్లకైనా ఎవరో ఒకరు రిపేర్ జేస్తరు." నిజమే అనిపించింది. మా ఆఫీసులో పాత వెర్షన్లకు మేమే చేతులారా సపోర్ట్ ఆపేస్తుంటాం.

తర్వాత నా కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వంగి చూశాడు, బానెట్ ఎత్తించాడు. "ఏమన్న మార్చిన్రా?" "లేదు." "సర్వీస్?" "ఒక్కటీ తప్పలేదు." అతను లేచి రఘు భుజం తట్టాడు. "అన్నా, జర జాగ్రత్తగ పెట్టుకోన్రి. గిసొంటిది ఇగ దొరకది."

రఘు నా వైపు చూడకుండా చాయ్ తాగాడు. గెలిచినవాడు అలా చూడకపోవడం ఇంకా మండించింది. పందెంలో ఓడిపోయాను, నా సొంత జాగ్రత్త వల్లే ఓడిపోయాను. ఒక్క సర్వీస్ ఎగ్గొట్టినా, చవక సైలెన్సర్ ఒకటి బిగించినా గెలిచి ఉండేదాన్ని.

"ఎట్ల దాచాలో చూస్తరా? మాదాపూర్‌ల ఒక సార్ ఉన్నడు. గిదే మోడల్, ఆఖరి బ్యాచ్. ఏడేండ్లసంది సీల్డ్ ప్యాక్" అన్నాడు శ్రీకాంత్. రఘు మొహం వెలిగింది. ఫోన్ కలిపించి మరీ రమ్మనిపించుకున్నాడు.

నానక్‌రాంగూడ నుంచి గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కి, బయోడైవర్సిటీ, రాయదుర్గం దాటి సైబర్ టవర్స్ దగ్గరికి వచ్చేసరికి తొమ్మిదిన్నర. కారు లేనివాళ్ళు నగరం వైపు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో రావచ్చు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే సూర్యనారాయణ గారు నిలబడి ఉన్నారు. భీమవరం ఆయన, యాభై దాటి ఉంటాయి, పెద్ద కంపెనీలో మేనేజర్. "రండమ్మా, రండి బాబూ. ముందు కాఫీ తీసుకుంటారా, కారు చూస్తారా?" అన్నారు. రఘు కారే అన్నాడు.

సెల్లార్‌లో ఓ మూల వెండిరంగు కవర్. దాని కింద ఇంకో నూలు కవర్. రెండూ తీస్తే ఎర్ర కారు, నిన్ననే షోరూం నుంచి వచ్చినట్టుంది. రఘు చేతులు వెనక్కి కట్టుకున్నాడు, తాకితే అరిగిపోతుందన్నట్టు. "చూసినావా, ఇట్ల పెట్టాల" అని నా చెవిలో అన్నాడు. సూర్యనారాయణ గారు డోర్ తెరిచారు. "సీట్ల మీద కంపెనీ ప్లాస్టిక్కేనండి. ఒక్కసారి కూడా తియ్యలేదు."

లోపలి నుంచి వానాకాలం మూసిపెట్టిన బీరువా వాసన వచ్చింది. వంగి చూస్తే ప్లాస్టిక్ కింద బూడిద రంగు మచ్చలు. తప్పు కనిపిస్తే ఊరుకోలేని జబ్బు నాది. "సార్, ఒక మూల తీసి చూద్దామా?" అన్నాను.

"తీస్తే విలువ పోతుంది కదండీ."

"తియ్యకపోయినా పోయేట్టుంది సార్."

ఆయన తనే ఒక మూల పట్టుకుని లాగారు. ప్లాస్టిక్ రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే తోలు పైపొర దానికే అంటుకుని చర్మంలా ఊడొచ్చింది. కింద పచ్చటి బూజు. ఏడేళ్ళ తేమ, సెల్లార్ ఉక్కపోత, బయటికి దారి లేక అక్కడే కూర్చుంది. ఆయన ఆ ముక్కను చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు.

"మా అమ్మాయి కారొచ్చిన రోజే ఎక్కుతానందండీ" అన్నారు. "చెప్పులు విప్పి ఎక్కుతాను నాన్నా అంది. ఇప్పుడు కాదులే అన్నాను. ఇప్పుడు దానికి ఉద్యోగమొచ్చింది, స్కూటీ మీద పోతోంది. మళ్ళీ అడగలేదండీ."

నాకు ఏడుపొచ్చింది. ఏం చెయ్యాలో తెలియక నా కారు తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాను. "మీ కారు బ్యాటరీ ఎలాగూ లేవదు సార్. ఇదీ అదే కారు. ఒక రౌండ్ వేసి రండి." ఆయన వద్దంటూనే ఫోన్ తీశారు. "అమ్మలూ, ఒకసారి కిందికి వస్తావా? చెప్పులేం విప్పక్కర్లేదు."

ఆ అమ్మాయి ఇంటి బట్టల్లోనే దిగొచ్చింది. తండ్రి డ్రైవింగ్ సీట్లో, కూతురు పక్కన. గేటు దగ్గరే బండి రెండుసార్లు ఆగిపోయింది, ఆయన క్లచ్ మర్చిపోయారు. ఆ అమ్మాయి నవ్వు సెల్లార్ దాకా వినిపించింది. తిరిగొచ్చేసరికి స్టీరింగ్ ముందు కూతురు ఉంది.

కాఫీ తాగి బయల్దేరాం. కొండాపూర్ దాటాక రఘు, "పందెం నేనే గెలిచినా కదా" అన్నాడు.

"గెలిచినావు" అన్నాను.

"అయితే కారు నేను చెప్పినట్టే."

"చెప్పు."

"ఇంటికి వద్దు. ఊరి బయటికి, శంకర్‌పల్లి పక్కకు తిప్పు. ఇంగా పొద్దుంది."

ఏ కారు రేపు కలెక్టబుల్ అవుతుందో ఇప్పుడు నాకు కొంచెం తెలుసు. కానీ రేపు ఎవరో వెతుక్కోవాలని ఇవాళ మనం దూరం పెట్టుకోవడం నాకు అర్థం కాదు. నా కారు స్టీరింగ్ మీద తోలు నా చేతులు పట్టే చోట నునుపుదేరింది, సీటు అంచు అరిగింది. కొనేవాడు వచ్చినప్పుడు వాటికి ఎంత తగ్గించుకుంటాడో తగ్గించుకోనీ. శ్రీకాంత్ చెప్పినవన్నీ పాటిస్తాను, సర్వీస్ తప్పను, ఏదీ మార్చను. సోమవారం మాత్రం మామూలుగానే ఆఫీసుకు నడుపుకుంటూ వెళ్ళాను, ఇంటి నుంచి రోజూ కంటే ముందే బయల్దేరి.

కొత్త కారు కొనేవాళ్ళకు ఒక్క సలహా. సీట్ల మీది ప్లాస్టిక్‌ను ఇంటికి తేకండి, షోరూం గేటు దగ్గరే తీసేయండి. ముందు నేనెక్కుతానని ఇంట్లో ఎవరు అడుగుతారో, వాళ్ళ చేతే చింపించండి.