కత్తెర చప్పుడు కలిపిన నాలుగు ట్రాక్‌లు

1998లో ఆర్మూరులో, పెర్కిట్ వైపు వెళ్లే రోడ్డు మీద నాకో చిన్న షాపు ఉండేది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయిపోయాక ఒక కంప్యూటర్, సౌండ్ కార్డు, టేప్ డెక్ పెట్టుకుని పాటలు మిక్సింగ్ చేసేవాణ్ని. విడివిడిగా రికార్డైన గొంతుల హెచ్చుతగ్గులు సరిచేసి ఒక్క పాటగా కలపడమే మిక్సింగ్.

పసుపు బస్తాల లారీలు రోడ్డంతా నిండే రోజుల్లో మోర్తాడ్ నుంచి గంగాధర్ అనే ఆయన తన అక్క గంగవ్వను తీసుకుని వచ్చాడు. ఆయన దుబాయ్ నుంచి ఫోర్‌ట్రాక్ రికార్డర్ తెచ్చుకున్నాడు. నలుగురి ముందు నాలుగు మైకులు పెడితే, ఒక్కో గొంతు ఒకే క్యాసెట్ మీద ఒక్కో ట్రాక్‌గా ఎక్కుతుంది. గంగవ్వ, మరో ముగ్గురు ఆడవాళ్లు బీడీలు చేస్తూ కట్టుకున్న పాటను ఇంట్లోనే అలా రికార్డు చేశాడు. తర్వాత వోల్టేజీ పెరిగి రికార్డర్ కాలిపోయింది. ఆ మీదట గంగవ్వకు గొంతు ఆపరేషన్ అయింది.

“మా అక్క గొంతు ఇంకెక్కడ లేదు తమ్మీ. గీ ఒక్క క్యాసెట్‌లనే ఉన్నది,” అన్నాడు.

నా డెక్‌లో పెట్టాను. ఎవరో మగమనిషి నిద్రలో మూలుగుతున్నట్టు వినిపించింది.

గంగవ్వ గుసగుసగా అంది: “గిది నా గొంతా? మా ఆయన కల్లు తాగి పాడినట్టున్నది.”

ముగ్గురం నవ్వాం. గంగాధర్ నవ్వు మాత్రం వెంటనే ఆగిపోయింది. “ఖరాబైందా?”

ఖరాబు కాలేదు. ఫోర్‌ట్రాక్‌లో టేపు రెట్టింపు వేగంతో తిరుగుతుంది, నాలుగు ట్రాక్‌లూ ఒకే దిశలో నడుస్తాయి. మామూలు డెక్ ఒక వైపు రెండు ట్రాక్‌లే చదువుతుంది. క్యాసెట్ తిప్పి పెడితే మిగతా రెండూ వెనక నుంచి ముందుకు వినిపిస్తాయి. అందుకని పనిని వరుసగా విడగొట్టుకున్నాను. ఒక వైపు కంప్యూటర్‌లోకి ఎక్కించడం, రెండో వైపు ఎక్కించడం, దాన్ని తిరగేయడం, అన్నిటి వేగం రెట్టింపు చేయడం, చివరికి కలపడం.

చివరిది తప్ప అన్నీ కుదిరాయి. డెక్ రెండుసార్లూ కచ్చితంగా ఒకే వేగంతో తిరగదు. పల్లవిలో కలిసే ఉన్న గొంతులు రెండో చరణానికి ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాయి.

మర్నాడు వాళ్లు వచ్చేసరికి నేనింకా దానితోనే కుస్తీ పడుతున్నాను. పాట పొడుగునా బీడీ ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు కూడా ఉంది.

“పాడేటప్పుడన్న కత్తెర పక్కకు పెట్టొద్దా అక్కా?” అని గంగవ్వను అడిగాను.

“పాట కోసం చేతులాపుతమా? తడిపిన ఆకు ఎండిపోదా బిడ్డా?”

ఆ చప్పుడు తీసేద్దామని కంప్యూటర్ తెర మీది ధ్వని గీతల్లో వెతికాను. ప్రతి కత్తిరింపూ సూదిమొనలా పైకి లేచి కనిపించింది. అప్పుడు వెలిగింది. నలుగురూ ఒకే గదిలో కూర్చుని పాడారు కాబట్టి, గంగవ్వ కత్తెర నాలుగు మైకుల్లోనూ పడింది. అదే మొన నాలుగు ట్రాక్‌లలోనూ ఉంది. తీసేయడం మానేశాను. రెండో వైపును ముక్కలుగా కోసి, ప్రతి ముక్క మొదట్లోని మొనను మొదటి వైపు మొనతో జత చేసుకుంటూ చివరిదాకా వెళ్లాను. తర్వాత గంగవ్వ గొంతును ముందుకు తెచ్చి, మిగతా మూడింటినీ వెనక నిలబెట్టి ప్లే నొక్కాను.

స్పీకర్లలోంచి గంగవ్వ గొంతు నిండుగా వచ్చింది. చరణాలన్నీ దాటినా ఎక్కడా చెదరలేదు. కుర్చీలో కూర్చున్న గంగవ్వ పెదవులు కదులుతున్నాయి, కుడిచేతి వేళ్లు లేని కత్తెరను ఆడిస్తున్నాయి.

“మా అక్కనే!” అంటూ గంగాధర్ బల్ల చరిచాడు.

గంగవ్వ నా వైపు వంగి, ఉన్న కాస్త గొంతుతోనే అంది: “ఇంకింత జోరుగ పెట్టు. నేను మొత్తుకోలేను గదా, రోడ్డు మీదోళ్లకు గదన్న ఇనబడనియ్యి.”

వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. బయట లారీ మీద పసుపు బస్తాలు సర్దుతున్న హమాలీలు పని ఆపి షాపు వైపు చూశారు.

ఆ రోజు నుంచి ఏ టేపు వచ్చినా, నాయిస్ అనిపించిన చప్పుడును వెంటనే తుడిచేయను. అది ఎన్ని ట్రాక్‌లలో ఉందో ముందు చూస్తాను.