పుక్కిలించిన నీళ్ళు

మొన్న పూండి స్టేషన్లో ప్యాసింజరు దిగుతుంటే ఎండుచేపల గంప ఒకటి నా పక్కనుంచి వెళ్ళింది. ఆ వాసనకు కాళ్ళు ఆగిపోయాయి. వెనకాల దిగిన పట్నంవాళ్ళు ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. వాళ్ళలో ఒకాయన తోటల వైపు చూసి, "ఎంత పచ్చగా ఉందండీ! ఇక్కడివాళ్ళకేం, అదృష్టవంతులు" అన్నాడు. ఆ కొబ్బరిచెట్ల నీడన ఎన్ని ఇళ్ళల్లో మనుషులు కిడ్నీలు పాడై మంచాన పడ్డారో అడిగే ఉద్దేశం ఎవరికీ లేదు. తగువు పెట్టుకుందామనుకున్నాను. ఓపిక లేకపోయింది. నీలమ్మప్ప గుర్తొచ్చింది.

ఆమె బారువ మత్స్యకారుల ఇంటి మనిషి. తొంభైల చివర్లో ఎండుచేపలు తెచ్చి, నా సైకిల్ షాపు చూరు కింద కూర్చుని అమ్మేది. మా పేట పిల్లలను బడి గుమ్మం అవతలే ఆపేసిన రోజుల్లో పుట్టినవాణ్ణి నేను. బైబిలూ, పొట్లాల కాగితాలూ కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. చదివినకొద్దీ కోపం పెరిగింది. మనిషి వీధి మలుపు తిరగకముందే వాడెలాంటివాడో తేల్చేసేవాణ్ణి. "నీ కళ్ళకన్నా నీ కోపం ముందెల్తాది తమ్ముడా" అని ఆమె నవ్వేది.

ఒక ఏడాది వేసవికి ముందు మా పేట బడికి కోటబొమ్మాళి వైపు నుంచి కొత్త మాస్టారు వచ్చాడు. ఒకరోజు మిట్టమధ్యాహ్నం పంక్చరు వేయించుకోవడానికి షాపుకొచ్చాడు. నా భార్య గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఒక్క గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, దుమ్ములో ఉమ్మేసి, మిగిలిన నీళ్ళతో గ్లాసు తిరిగిచ్చేశాడు. చిన్నప్పుడు దోసిట్లోకి పైనుంచి పోసిన నీళ్ళు తాగినవాణ్ణి. నా ఒళ్ళు మండిపోయింది.

అతను వెళ్ళగానే నీలమ్మప్పతో, "ఆదివారం ప్రార్థన అవనీ. సంఘంలో సెప్తాను. మా పిల్లగుంటలు ఒక్కరూ ఆ బడికెల్లరు" అన్నాను. పేటలో నా మాట చెల్లేది. అన్నానంటే బడి మూతపడేదే.

"ఏటి సూసినావు?" అంది ఆమె.

"మా ఇంటి నీళ్ళు ఉమ్మేసినాడు! నీకు కళ్ళు నేవేటి?"

"ఉమ్మేసినాడు. ఇంకేటి సూసినావు?"

"ఇంకేటుంది సూడ్డానికి?"

"అంటరాని నీళ్ళనుకున్నోడు నోట్లో ఎందుకెట్టుకుంతాడు? ఎంతసేపు ఉంచుకున్నాడో సూసినావా? కళ్ళు మూసుకుని, పంచదార సప్పరించినట్టు!"

"నువ్వు ఆడికి వకీలువేటి?"

"ఒల్లకో, అరవకు. ఆదివారం దాకా నీ నోరు నా గంపలో ఎట్టి మూతెయ్యి. కళ్ళు మాత్రం నీకాడ ఉంచుకో."

ఉక్రోషంతోనే చూశాను. ఉదయం బిగించి ఉండే మాస్టారి చెప్పుల పట్టీలు సాయంత్రానికి వదులు చేసి ఉండేవి. పాదాలు పొంగి ఉండేవి. సైకిల్ దిగేటప్పుడు నా భుజం పట్టుకునేవాడు. శనివారం ఉండబట్టలేక అడిగేశాను.

"మాస్టారూ, మా నీళ్ళు మీకు పనికిరావా?"

ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. "ఎంతమాట! కిడ్నీలు పాడయ్యాయి బాబూ. రోజుకి ఇన్ని నీళ్ళే తాగాలన్నారు డాక్టర్లు, అవి మధ్యాహ్నానికే అయిపోతాయి. ఆ రోజు మీ నీళ్ళు చల్లగా ఉన్నాయి, మింగేద్దామనిపించింది. భయమేసి ఉమ్మేశాను. ఇంట్లో ఇంకా తెలీదు, ఎవరితో అనకండి."

ఆ మాట నీలమ్మప్ప కూడా విన్నది. ఆయన వెళ్ళాక, చేపలమీద ఈగలు తోలుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"మా ఇంటాయనా అలాగే పుక్కిలించేవోడు. సేపల ఏటకెల్లమంటే ఒళ్ళు బరువుగుందనేవోడు. బద్ధకమని నేనే తిట్టినాను. పోయినాక సూస్తే, పొట్ట ఉబ్బి, మొలతాడుకి ఇంకో తాడు ముక్క ముడేసుకున్నాడు తమ్ముడా. రోజూ ఎదురుగానే తిరిగినాడు. నేను సూడనేదు."

ఆదివారం సంఘంలో లేచి నిలబడ్డాను. మాస్టారికి బడిలో కుర్చీ లేదు, మనమే ఒకటి చేయించి ఇద్దామన్నాను. నా నోట ఆ మాట విని అందరూ వింతగా చూశారు. ఆ కుర్చీలో కూర్చునే ఆయన కొన్నేళ్ళు పాఠాలు చెప్పాడు. తర్వాత కుర్చీ మిగిలింది. నీలమ్మప్ప కూడా పోయింది. చూసినంత మాత్రాన ఎవరూ బతకలేదు, అది నాకు తెలుసు.

ఇప్పుడు మా ఇంటికెవరొచ్చినా గ్లాసు నింపి చేతికివ్వను. చెంబూ, ఖాళీ గ్లాసూ ముందు పెట్టి, ఎంత పోసుకుంటారో చూస్తాను. పొద్దున్న లేవగానే నా మొలతాడు ముడి తడుముకుంటాను. ఇప్పటికైతే పాత చోటే ఉంది.