పెద్దమేస్త్రీ తీసేసిన కర్రలు

ఆ పేటలో రెండు బడులు, నీళ్ల ట్యాంకు, ఆసుపత్రి వెనక ప్రహరీ, అన్నీ పెద్దమేస్త్రీ చేతి మీదుగా లేచినవే. ఆయన పోసిన కప్పు చుక్క కారిందన్న మాట ఎవరూ వినలేదు, ఆయన కట్టిన గోడ బీటలు వారడం ఎవరూ చూడలేదు. స్లాబు పోశాక దాన్ని మోసే సెంట్రింగ్ కర్రలు ఎప్పుడు తీయాలో ఆయన నోటి నుంచే రావాలి. తొందరపడే ఇంటివాళ్లకు ఒకటే మాట చెప్పేవాడు: "మేస్త్రీ చెప్పకుండా ఒక్క కర్ర కదిలినా నేనీ గడప తొక్కను."

అంతటి మనిషికి మెట్లెక్కితే గుండెల మీద బండ పెట్టినట్టయ్యేది. పోనుపోను ఊరికే కూర్చున్నా అదే బరువు, ఎడమ చేతికి పాకే నొప్పి, చెమటలు. గ్యాసని కొట్టిపారేశాడు. భార్య వినలేదు, ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది.

గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోతోందని, కూర్చున్నచోట నొప్పి వస్తే గుండెపోటు గుమ్మంలో ఉన్నట్టేనని డాక్టరమ్మ చెప్పింది. రక్తం గడ్డకట్టకుండా మందులిచ్చి, మణికట్టులోంచి సన్నని గొట్టం పంపి, నాళం తెరిచి, మళ్లీ మూసుకుపోకుండా స్టెంటు పెట్టింది. తను చెప్పేదాకా మాత్రలు మానొద్దని మరీ మరీ చెప్పి పంపింది.

ఇంటికొచ్చాక ప్రాణం తేలికపడింది. లోపల స్టెంటు నిలబడింది, ఇక ఆసరాలెందుకు అనుకున్నాడు పెద్దమేస్త్రీ. స్లాబు గట్టిపడ్డాక కర్రలు తీసినట్టే మాత్రలు మానేశాడు. ఎవరికీ చెప్పలేదు.

ఒక సాయంత్రం పక్క దులుపుతుంటే పరుపు కింద విప్పని మాత్రల అట్టలు భార్య చేతికి తగిలాయి. ఆయన పనుల్లో ఏళ్ల తరబడి ఇసుక మోసిన మనిషి ఆమె. కేకలు వేయలేదు. వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, కర్రలు ఎవరు తీయమన్నారు?"

"గట్టిపడింది కదే."

"పైకి గట్టిగానే ఉంటుంది, లోపల పచ్చి ఆరదని నాకు చెప్పింది నువ్వే. ఈ స్లాబుకు మేస్త్రీ నువ్వు కాదు, ఆవిడ. కూలితే కింద ఉండేది నేను."

ఆయన లేచి చొక్కా తొడుక్కున్నాడు. ఆ పూటే ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరమ్మ పరీక్షలు చేసి, స్టెంటులో రక్తం గడ్డకట్టి ఉంటే ఇక్కడిదాకా వచ్చేవాడివి కాదని మందలించి, మాత్రలు మళ్లీ మొదలుపెట్టించింది.

ఆ తర్వాత కూడా పెద్దమేస్త్రీ స్లాబులు పోయించాడు, నీడన కుర్చీ వేసుకుని. రోజూ పనికి బయల్దేరే ముందు గడప దగ్గర ఆగి చెయ్యి చాపుతాడు.

"మేస్త్రీ తీయమందా?"

"ఇంకా లేదు" అంటుంది భార్య, మాత్ర చేతిలో పెడుతూ.

మింగి, మెట్లు దిగుతాడు.