నాన్నకి కొన్న చప్పుడు లేని బూట్లు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ఎవరి దగ్గరైనా పాత వస్తువు కనిపిస్తే దాన్ని తీసేసి కొత్తది పెట్టడమే బహుమతి అనుకునేదాన్ని. ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం దొరికి, మొదటి జీతం చేతికొచ్చిన నెలలోనే ఫాదర్స్ డే కూడా వచ్చిపడటంతో మా ఇంటి తండ్రులందరికీ గ్రహచారం మొదలైంది. పెదనాన్నకి అడుగులు లెక్కపెట్టే గడియారం కొన్నాను. (అది గంటకోసారి "లేచి నడవండి" అని మణికట్టు దగ్గర గిలిగింతలు పెడుతోందని మూడో రోజున బీరువాలో పెట్టి తాళం వేశాడు. బీరువాలోంచి కూడా గురగురమంటోందని పెద్దమ్మ ఫోన్ చేసింది.) అమ్మ వాళ్ళ నాన్నకి పెద్ద పెద్ద అక్షరాలు కనిపించే ఫోను కొన్నాను. "బస్సులో నా మెసేజీలు నాకంటే ముందు పక్కవాళ్ళే చదివేస్తున్నారే!" అని ఆయన గోల. ఇక మిగిలింది నాన్న.

నాన్న విషయంలో తొందరపడకూడదని, ఆయనకి ఏం కావాలో కనిపెట్టడానికి వారం రోజులు దొంగచాటుగా గమనించాను. నాన్న ఉద్యోగం సినిమాలకి చప్పుళ్ళు చేయడం. తెర మీద హీరో మెట్లెక్కుతుంటే, స్టూడియోలో మైకు ముందు నాన్న బూట్లేసుకుని ఉన్న చోటే నడుస్తాడు. హీరోయిన్ హైహీల్స్ నడక కూడా ఆయనదే. (పెళ్ళిచూపుల్లో ఈ సంగతి దాచారని అమ్మ ఇప్పటికీ అంటుంది.) ఆ సరంజామా అంతా స్టూడియోలో ఒక ఇనప్పెట్టెలో ఉండేది, ఇంటికి తెచ్చేవాడు కాదు. ఇంట్లో ఉండేది ఒక్క జత తోలు చెప్పులే. రంగు వెలిసి, మడమల దగ్గర అరిగి, చూస్తేనే జాలేసేలా ఉండేవి. విచిత్రమేమిటంటే రోజూ పొద్దున్నే ఆ జతని గుడ్డసంచిలో పెట్టుకుని, కాళ్ళకి రబ్బరు చెప్పులేసుకుని వెళ్ళేవాడు. సాయంత్రం మళ్ళీ సంచిలోనే తెచ్చేవాడు. చెప్పుల్ని చేత్తో మోసుకెళ్ళడమేమిటా అని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. అడుగుదామంటే బహుమతి గుట్టు బయటపడుతుంది. చివరికి నేనే తేల్చేశాను. పాపం, ఉన్న తోలు జత అదొక్కటే, రోడ్డు మీద వేసుకుంటే తెగిపోతాయని దాచుకుంటున్నాడు! ఆ గుడ్డసంచి ముందు నిలబడి కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను.

ఆదివారం పొద్దున్నే జూబ్లీహిల్స్‌లో పెద్ద షాపుకెళ్ళి, దూదిలాంటి అడుగున్న బూట్లు కొన్నాను. పాత జతని తీసుకెళ్ళి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అంకుల్‌కి ఇచ్చేశాను. నాన్న కొత్త బూట్లు తొడుక్కుని, తల ఒక పక్కకి వంచి, హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు నడిచాడు. "అబ్బో! చప్పుడే లేదే!" అన్నాడు. అది మెప్పే అనుకుని పొంగిపోయాను.

మర్నాడు పొద్దున ఆయన ఖాళీ సంచి పట్టుకుని వచ్చాడు. "అమ్మలూ, ఇందులో చెప్పులేవే?"

"వాచ్‌మన్ అంకుల్‌కి ఇచ్చేశా నాన్నా. ఇంకెన్నాళ్ళు ఆ పాతవి?"

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. వంటింట్లోంచి అమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఎంత పని చేశావే! అవి మీ తాతయ్యవి!"

అప్పుడు తెలిసింది నాకు. తెనాలిలో నాన్న చిన్నప్పుడు, వాళ్ళ నాన్న, అంటే ఈ తాతయ్య, ఆఫీసు నుంచి వస్తుంటే వీధి మొదట్లోనే వినిపించేదట. ఎడమ చెప్పు కిర్రుమనేది, కుడి చెప్పుకి కొట్టించిన ఇనుప లాడం టక్కుమనేది. ఆ చప్పుడు వినగానే పిల్లలందరూ పుస్తకాలు తెరిచేవాళ్ళట. నేను పుట్టకముందే తాతయ్య పోతే, నాన్న అడిగి తెచ్చుకున్నది ఆ చెప్పులొక్కటే. స్టూడియోలో వదిలేయడానికి మనసొప్పక రోజూ ఇంటికి తెచ్చుకునేవాడు. నాన్న పనిచేసిన ఏ సినిమాలోనైనా ఒక తండ్రి ఇంటికొస్తున్నాడంటే, ఆ అడుగులు మా తాతయ్యవే. ఆ రోజు పది గంటలకి కూడా తెర మీద అలాంటి ఒక తండ్రి, కొడుకు మీద అలక మాని, గేటు తీసుకుని లోపలికి రావాలి.

నేను మెట్ల మీద పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తాను. వాచ్‌మన్ అంకుల్ గేటు దగ్గర ఆ చెప్పులతోనే నిలబడి ఉన్నాడు. ఊరికే ఉన్నాడా, కాలెత్తి మరీ చూపించాడు. "నిన్న షేక్‌పేటల రబ్బరు ఏయించిన బిడ్డా! గా ఇనుప ముక్క సుత జారుతుందని పీకేయించిన. ఇగ జూడు, జర గూడ సప్పుడు లేదు!" మా నాన్నకీ తాతయ్యకీ ఒకేరోజున చప్పుడు లేని పాదరక్షలు అమర్చిన ఘనత నాకే దక్కింది. విషయం చెప్పగానే ఆయన నొచ్చుకుని, తనే కూర్చుని రబ్బరు ఊడదీశాడు. దాంతోపాటు తోలు కూడా చీలికలై వచ్చేసింది.

ఆ రోజు ఆఫీసుకి సెలవు పెట్టి నాన్న వెంట స్టూడియోకి వెళ్ళాను. పాత కుర్చీ కాలు, తలుపు బందు, చివరికి అమ్మ ఇచ్చిన పప్పుగుత్తి, అన్నీ మైకు ముందు పెట్టాం. తెర మీద ఆ పెద్దమనిషి గేటు తీశాడు. నేను కుర్చీని కిర్రుమనిపిస్తే నాన్న పప్పుగుత్తితో టక్కుమనిపించాడు. "సూపర్ సార్, ఓకే!" అన్నాడు రికార్డింగ్ అతను. నాన్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. "బాగానే ఉంది. కాకపోతే మా నాన్నకి కాస్త జలుబు చేసినట్టుంది" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను, ఆ తర్వాత వరండాలోకెళ్ళి వెక్కివెక్కి ఏడ్చాను. నాన్న తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నాన్న రిటైరయ్యాడు. నేను శ్రీనగర్ కాలనీలో కాపురముంటున్నాను. ఆదివారాలు ఆయన మా ఇంటికొస్తాడు, కాళ్ళకి అలాంటి దూది బూట్లే. (నేను కొన్నవి తెగేదాకా వేసుకుని, మళ్ళీ అవే కొనుక్కున్నాడు.) అవి బొత్తిగా వినిపించవు కాబట్టి, లిఫ్టు దిగిన దగ్గర్నుంచీ నోటితోనే మొదలుపెడతాడు. కిర్ర్... టక్. కిర్ర్... టక్. ఆ జలుబు కూడా ఇప్పుడు లేదు. "తాతయ్య వచ్చాడు!" అని మా అబ్బాయి గంతులేస్తాడు. తలుపు తీయాల్సింది నేనే. గొళ్ళెం మీద చెయ్యి వేసి, గుడ్డసంచి ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఆ తెలివిగల పిల్లని తలుచుకుని నవ్వుకుంటాను. తలుపు మాత్రం వెంటనే తీయను. ఇంకో రెండడుగులు వినిపిస్తాయని.