మూడో వారం

అమీర్‌పేటలో మెట్రో దిగి నడుస్తుంటే, మొన్న ఒక కూలర్ల దుకాణం ముందు వట్టివేళ్ళ వాసన తగిలింది. దుకాణదారు కొత్త తడికల మీద నీళ్ళు చల్లుతున్నాడు. ఎండలో అలాగే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు నర్సింహులు గారు గుర్తొస్తారు. ఆయన ఆ దగ్గర్లోనే ఒక పాత సినిమా హాలుకు మేనేజర్‌గా ఉండేవారు. ఏసీ లేని హాలు. వేసవిలో గోడల వెంట పెద్ద కూలర్లు, వాటికి వట్టివేళ్ళ తడికలు. మ్యాట్నీకి ముందు ఆయనే వెళ్ళి, అవి సరిగా తడిశాయో లేదో చేత్తో తాకి చూసేవారు.

కంప్యూటర్ కోర్సు కోసం తెనాలి నుంచి వచ్చి, ఉద్యోగం దొరక్క, ఆ హాల్లో టికెట్లిచ్చే పనిలో చేరాను. మొదటి రోజు ఆయన నన్ను కౌంటర్లో కూర్చోనివ్వలేదు. కాగితం, పెన్ను ఇచ్చి లోపలికి పంపారు.

"సినిమా జూడకు బిడ్డా, జనాన్ని జూడు. ఎప్పుడెప్పుడు దగ్గుతుండ్రో రాస్కొని రా."

"దగ్గడం ఏంటి సార్?"

"మనసు తెర మీద ఉంటే దగ్గు రాదు. ఇసుగు పుట్టిందనుకో, హాలంత దగ్గుతది."

నవ్వుకుంటూ వెళ్ళాను. నిజమే. తెర మీద పెళ్ళి మాటలు మొదలవగానే ముందు వరస నుంచి వెనక వరస దాకా దగ్గులే. ఆ తర్వాత నాలుగేళ్ళు, పాఠం అని తెలియకుండానే ఆయన దగ్గర జనాన్ని చదవడం నేర్చుకున్నాను.

ఒకసారి పేరున్న నటులెవరూ లేని చిన్న సినిమా వచ్చింది. మొదటి వారం హాలు బోసిపోయింది. తీసేద్దామని యజమాని పట్టుబట్టాడు. నర్సింహులు గారు కదల్లేదు. "మొదటి వారం పోస్టర్ జూసి వస్తరు. రెండో వారం, సూసినోళ్ళు ఇంట్ల చెప్తరు. మూడో వారం గా ఇంటోళ్ళు వస్తరు. గప్పటిదాంక ఓపిక పట్టాలె" అన్నారు. అన్నట్టే మూడో వారం ముందు హాస్టళ్ళ పిల్లలొచ్చారు, వెనకే కుటుంబాలొచ్చాయి. హౌస్‌ఫుల్ బోర్డు ఆయనే మోసుకెళ్ళి గేటు దగ్గర పెట్టారు.

తర్వాత పంజాగుట్టలో, ఫోన్లలో సినిమాలు చూపించే కంపెనీ ఒకటి ఆఫీసు తెరిచింది. ఇంటర్వ్యూలో దగ్గుల సంగతి చెప్పాను. వెంటనే తీసుకున్నారు. నర్సింహులు గారికి చెప్పడానికి రెండు రోజులు జంకాను. "గాడ సుత సూసేటోళ్ళు మనుషులే గద. పో" అన్నారు.

కొన్నేళ్ళకు మా కంపెనీని అంతకంటే పెద్దదొకటి కలిపేసుకుంది. అదే సంస్థ సినిమాలు తీసే కంపెనీని కూడా కొనేసింది. తీసేవాళ్ళు, ఫోన్లో చూపేవాళ్ళు ఒక ఇంటివాళ్ళయ్యారు. హాళ్ళు పరాయివయ్యాయి. ఆఫీసులో సగం మందిని పంపేశారు. మిగిలినవాళ్ళం మేం పనికొస్తామని చూపించుకోవాలి. అప్పుడే మా చిన్న సినిమా ఒకటి నర్సింహులు గారి హాల్లో రెండో వారం ఆడుతోంది. ఫోన్లలోకి ఎప్పుడు తెద్దామని మీటింగులో అడిగారు.

"మూడో వారం మొదట్లోనే" అన్నాను. "అప్పటికి ఇళ్ళల్లో దాని మాటే నడుస్తుంటుంది. హాలుకు బయల్దేరబోయేవాళ్ళంతా ఇంట్లోనే చూసేస్తారు."

అందరూ మెచ్చుకున్నారు. సినిమా శుక్రవారం ఫోన్లలోకి వచ్చింది. శనివారం సాయంత్రం ఆయన ఫోన్ చేశారు.

"బిడ్డా, ఫస్ట్ షోకి పదకొండు మందే వచ్చిండ్రు. మీ ఆఫీసోళ్ళకు చెప్పరాదు, ఇంకోసారికన్న జర ఆగమని?"

"అది నా చేతుల్లో లేదు సార్."

"గంతేలే. ఫికర్ జేయకు."

ఆ ఒక్క సినిమాతోనే హాలు మూతపడిందని అనను. కానీ ఆ తర్వాత వచ్చిన వాటికీ మూడో వారం లేకుండా పోయింది. ఏడాది తిరక్కముందే మూసేశారు. ఆఖరి ఆటకు రమ్మని పిలిచారు. పని ఉందని చెప్పి వెళ్ళలేదు. పని ఏమీ లేదు.

కొన్ని నెలలకు బోరబండలో ఆయన ఇంటికి వెళ్ళాను. చెప్పులు విడుస్తూనే చెప్పేశాను: "సార్, ఆ వారం చెప్పింది నేనే."

ఆయన కుర్చీ జరిపి నన్ను కూర్చోమన్నారు. "ఎరుకే బిడ్డా. గా లెక్క నువ్వు గాక ఇంకెవరు చెప్తరు?" అని, భార్యను పిలిచి చాయ్ పెట్టమన్నారు.

"తిట్టండి సార్."

"తిడితే నీకు జర హాయిగుంటది. నాకేమొస్తది?"

చాయ్ తాగి వచ్చేశాను. ఆ మరుసటేడు ఆయన పోయారు.

నేనింకా అదే ఉద్యోగంలో ఉన్నాను. హాళ్ళకు మరో వారం ఇద్దామని ప్రతిసారీ వాదిస్తాను. ఎక్కువసార్లు ఓడిపోతాను. తేదీ ఖాయమయ్యాక, ఆ సినిమా ఆడుతున్న హాళ్ళ మేనేజర్లకు నేనే ఫోన్ చేసి, ఈ నిర్ణయంలో నేనూ ఉన్నానని చెబుతాను. కొందరు మాట్లాడకుండా పెట్టేస్తారు. పోయిన వారం ఖైరతాబాద్ వైపు హాలు నుంచి ఒక పెద్దాయన నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన అలసిపోయి ఆగేదాకా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని విన్నాను.