అక్క ఒక్క రాత్రి ఉండడానికి సంతకం

నది అవతల ట్వంటే ఊరి నుంచి మా అక్క ఈ రోజు వచ్చింది. సైన్యం గద్దెనెక్కి ఈ గొడవలు మొదలయ్యాక రావడం ఇదే మొదటిసారి. నా భార్య పోయాక ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు లేరు. రాత్రంతా కబుర్లు చెప్పుకుందామనుకున్నాను.

మా రంగూన్‌లో చుట్టం రాత్రి ఉండాలంటే వార్డు ఆఫీసులో పేరు రాయించాలి. ఇద్దరం వెళ్లాం. సంతకం పెట్టే పెద్దాయన లేడు.

"మానవ హక్కుల దినోత్సవం కదా, మీటింగుకి వెళ్లారు. రేపు రండి," అంది గుమాస్తా అమ్మాయి బర్మా భాషలో.

అక్క నావైపు తిరిగి, "ఏటిరా, నా తమ్ముడింట్లో నాను తొంగోడానికి ఆయన సంతకమేటి?" అంది.

పేరు రాయించకుండా ఉంచేస్తే, రాత్రి తనిఖీకొచ్చి అక్కని పట్టుకుపోతారు. పొద్దు వాలకముందే రేవుకి తీసుకెళ్లి పడవెక్కించాను.

"నీకు చిన్నప్పట్నుంచీ బయమేరా," అని నవ్వింది. పడవ కదిలాక మాత్రం కళ్లు తుడుచుకుంది.

మీటింగులో ఆయన ఏ హక్కుల గురించి మాట్లాడాడో తెలీదు. మీ ఇంట్లో ఈ రాత్రి చుట్టాలుంటే, ఏం కబుర్లు చెప్పుకున్నారో కొంచెం రాయండి. చదువుకుంటాను.