సిరా కలిపిన సీసా

మావయ్య పోయాడని మంగళవారం పొద్దున్నే గోల్‌మురి నుంచి అత్తయ్య ఫోను చేసింది. నేను నమ్మలేదు. "సరిగ్గా చూశారా అత్తా? ఇంకో డాక్టరుకి చూపించారా?" అన్నాను. ఏడుస్తూనే అత్తయ్య, "అచ్చం మీ మావయ్యలాగే అడుగుతన్నావే" అంది.

నిజమే. అనుమానం ఆయన దగ్గర నేర్చుకున్నదే. పాలు మరిగేదాకా పాలవాణ్ణి గుమ్మంలో నిలబెట్టేవాడు. గ్యాస్ సిలిండర్ ఊపి చూడనిదే సంతకం పెట్టేవాడు కాదు. "నమ్మడానికి తొందరేటి? రేపైనా నమ్మొచ్చు" అనేవాడు. నాన్న లేని నన్ను పెంచింది ఆయనే.

మా హిందీ ఊళ్ళోనే సిద్ధగోరాలో ఉండే తెలుగబ్బాయిని చేసుకుంటానని నేను చెప్పినప్పుడు ఆ అనుమానానికి అంతు లేకపోయింది. అబ్బాయి బిష్టుపూర్‌లో ఒక హోటల్లో వైన్ వడ్డిస్తాడు.

"సారా పోసేవోడికి పిల్లనిత్తామేటే?" అని, అతన్ని ఇంటికి పిలిపించాడు. ఏం పోస్తావో చెప్పమన్నాడు. ఫ్రాన్సులో రోన్ నది పక్క పండే ద్రాక్షతో చేసిన ఎర్ర వైన్, కోత్ ద్యు రోన్ అంటారు, మరీ చిక్కనా కాదు, పల్చనా కాదు అని అబ్బాయి చెప్పాడు.

"గ్రెనాష్, సిరా, ముర్వెద్ర్ అని మూడు కలుపుతారండి మావయ్యా."

"సిరా కలుపుతారా! కలిపితే అది కల్తీ కాదేటి?"

"నై నై, సిరా అంటే అంగూర్, ఒక ద్రాక్ష రకం పేరండి."

"మరి నువ్వు తాగుతావా?"

"రుచి చూసి ఉమ్మేత్తానండి, మా పనిలో అందరూ అంతే."

అతను వెళ్ళగానే మావయ్య నా వైపు తిరిగాడు. "తాగుతానంటే నమ్ముదును. ఉమ్మేత్తాడట! ఇందులో ఏదో గడ్‌బడ్ ఉంది."

ఆ శనివారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, స్కూటర్ మీద ఆ హోటల్‌కే వెళ్ళాడు. అబ్బాయికి కనబడకుండా స్తంభం చాటున కూర్చుని టీ తెప్పించుకున్నాడు. అక్కడ చూసింది ఆయనే మాకు చెప్పాడు. ఒక పెద్దమనిషి ఆ రోన్ సీసాయే అడిగాడు. ఒక గుక్క తాగి బాగుందని తలూపాడు. అబ్బాయి మాత్రం బిరడా వాసన చూసి, "సారీ సర్, యే ఖరాబ్ హై. దూస్రా లాతా హూఁ" అని సీసా వెనక్కి తీసుకున్నాడు. తాగినవాడికి లేని బాధ నీకేమిటని మేనేజరు అందరి ముందూ మండిపడ్డాడు. అబ్బాయి తల వంచుకుని పడ్డాడు గాని, ఆ సీసా మళ్ళీ బల్ల మీద పెట్టలేదు.

మావయ్య ఇంటికొచ్చి చెప్పులైనా విప్పలేదు. "కొన్నోడు బాగుందన్నాడే! ఈడే పాడైందన్నాడు." అప్పుడు చెప్పులు విప్పుతూ, "ముహూర్తం ఎట్టించండి. అయినా నాను కన్నేసే ఉంతాను" అన్నాడు.

అన్నట్టే కన్నేసి ఉంచాడు. ఇన్నేళ్ళూ మా ఇంటికొస్తే ముందు అల్లుడి నోటి వాసన చూశాకే కుర్చీలో కూర్చునేవాడు. నా కోసం అంతగా అనుమానించిన మనిషి ఇంకొకరు లేరు.

పోయినేడాది మా ఆయన శిక్షణకని రోన్ లోయకు వెళ్ళి ఫోటోలు పంపాడు. కొన్ని తోటల్లో మట్టే కనబడదు, అన్నీ గుండ్రటి రాళ్ళు. పగటి ఎండ దాచుకుని, చీకటి పడ్డాక తీగలకు వేడినిస్తాయట. "రాళ్ళల్లో పంటేటి? నిన్నెవరో మోసం చేత్తన్నార్రా" అన్నాడు మావయ్య ఫోన్లో. వచ్చేటప్పుడు అతను అరచేతంత రాయి ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు.

మొన్నటి చలికాలంలో, నేను చూస్తుండగా, మావయ్య ఆ రాయిని గుమ్మం ముందు మెట్టు మీద ఎండలో పెట్టాడు. పొద్దు గుంకాక శాలువా కప్పుకుని వచ్చి, పక్కన కూర్చుని దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"వెచ్చగా ఉందా మావయ్యా?" అన్నాను.

మావయ్య రెండో చెయ్యి కూడా పెట్టి చూశాడు.